పదమూడు రోజుల యుద్ధం వెనక ఎనిమిది నెలలు

1971 యుద్ధం అనగానే మనకి చెప్పేది పదమూడు రోజుల కథ. డిసెంబర్ 3న మొదలైంది, 16న ఢాకాలో సంతకాలు అయిపోయాయి. నేను కన్నడ మీడియంలో చదువుకున్న చరిత్ర పుస్తకంలో కూడా అంతే ఉండేది, రెండు పేరాలు, ఒక ఫోటో. ఫోటోలో బల్ల ముందు కూర్చుని సంతకం పెడుతున్న నియాజీ, పక్కనే తలపాగాతో అరోరా. పరీక్షలో నాలుగు మార్కులకి అది చాలు. కానీ పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది మార్చి 25 రాత్రి. అక్కడినుంచి డిసెంబర్ 3 దాకా ఎనిమిది నెలల పైన గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ మన దేశం ఏం చేస్తూ ఉంది అనేది మా పుస్తకంలో లేదు. నాకు ఆసక్తి అంతా ఆ భాగం మీదే.

మన కుటుంబం పేజీలో బంగ్లాదేశ్ సంగతి ఎందుకు అని పెద్దవాళ్ళు అడుగుతారేమో. రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి తాతయ్య ట్రంకు పెట్టెలో ఉంది, రెండోది సింధనూరు పక్కన ఉంది. చదువుతూ పోతే రెండూ వస్తాయి.

ముందు జరిగిందేమిటో గబగబా చెప్పేస్తాను. 1970 డిసెంబర్‌లో పాకిస్తాన్ ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రెహమాన్ అవామీ లీగ్ తూర్పు భాగంలో 162 స్థానాలకి 160 గెలిచింది. మొత్తం దేశానికే మెజారిటీ వాళ్ళది. అధికారం ఇవ్వడం ఇష్టంలేని యాహ్యాఖాన్ ప్రభుత్వం మాటలతో మూడు నెలలు గడిపి, మార్చి 25 రాత్రి సైన్యాన్ని వదిలింది. ఢాకా యూనివర్సిటీ హాస్టళ్ళు, రాజర్‌బాగ్ పోలీసు లైన్లు, పీల్‌ఖానా సరిహద్దు దళం బారకాసులు, అన్నిటి మీదా ఒకే రాత్రి కాల్పులు. ముజిబ్‌ని పట్టుకుని పశ్చిమ పాకిస్తాన్ తీసుకుపోయారు. స్వతంత్రం ప్రకటించుకున్న దేశానికి అప్పుడు సైన్యం లేదు, నాయకుడు జైల్లో ఉన్నాడు, రాజధాని శత్రువు చేతిలో ఉంది.

జనం నడక మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో వేలల్లో వచ్చినవాళ్ళు మే నెలాఖరుకి రోజుకి లక్ష మంది చొప్పున సరిహద్దు దాటారు. డిసెంబర్ మొదటి వారానికి మన ప్రభుత్వం లెక్క 98 లక్షల 99 వేలు. అందులో దాదాపు 75 లక్షల మంది పశ్చిమ బెంగాల్లోనే. కానీ నన్ను అడిగితే అసలు బరువు మోసింది త్రిపుర. 1971 జనాభా లెక్కల్లో త్రిపుర జనం పదిహేనున్నర లక్షలు. అక్కడికి వచ్చిపడినవాళ్ళు పద్నాలుగు లక్షల పైన. ఇంటివాళ్ళు ఎంతమందో చుట్టాలూ ఇంచుమించు అంతమంది. మూడు వైపులా తూర్పు పాకిస్తాన్, మిగతా దేశానికి కొండల మీదుగా ఉన్న సన్నటి దారి తప్ప గతి లేదు. బియ్యం, కిరసనాయిలు, మందులు అన్నీ ఆ దారినే రావాలి.

ఇంకో అంకె ఉంది, దాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రభుత్వం నడిపిన క్యాంపులు 825. వాటిలో ఉన్నవాళ్ళు 68 లక్షలు. మరి తక్కిన 31 లక్షల మంది ఎక్కడున్నారు? చుట్టాల ఇళ్ళల్లో, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో. 1947లో ఇటు వచ్చేసిన పెదనాన్న ఇంట్లోనో, ఊరివాడన్న ఒక్క వరసతో ఎవరి వసారాలోనో. అలా ఎనిమిది నెలలు. మన ఇంటికి పెళ్ళికి వచ్చిన చుట్టాలు నాలుగో రోజు ఉంటేనే వంటింట్లో గిన్నెల చప్పుడు మారుతుంది కదా. ఒక దేశం పక్క దేశానికి అండగా నిలిచింది అని చరిత్రలో ఒక్క వాక్యం రాస్తారు. ఆ వాక్యంలో మూడో వంతు ఇలాంటి వసారాలు, వంటిళ్ళు.

క్యాంపుల్లో ఉన్నవాళ్ళ సంగతి ఇంతకంటే కష్టం. కలకత్తా పక్కన సాల్ట్ లేక్‌లో అప్పటికి ఇంకా ఊరు కట్టలేదు, ఇసుక మేట మాత్రమే. అక్కడ రెండున్నర లక్షల మంది. మురుగు కాలవల కోసం తెచ్చిన సిమెంటు గొట్టాల్లో సంసారాలు పెట్టుకున్నారు. జూన్‌లో వాన, వానతోపాటు కలరా. బనగావ్ ఆసుపత్రికి వెళ్ళిన దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు దగ్గర సెలైన్ సీసాలు అయిపోయాయి, నేల మీద పడుకున్న రోగులకి సూది గుచ్చడానికి మనుషులూ లేరు. ఆయన లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. గ్లాసుతో పట్టించడం రోగి తాలూకు వాళ్ళకే నేర్పించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. ఇవాళ మన పిల్లలకి విరేచనాలైతే మందుల షాపులో తెచ్చే ఓఆర్ఎస్ పొట్లం మీద ప్రపంచానికి నమ్మకం కుదిరింది ఆ క్యాంపులోనే. మహలనబిస్ గారు 2022లో పోయారు, పద్మవిభూషణ్ ఆ తర్వాత ఏడాది వచ్చింది. బతికుండగా ఇవ్వాల్సింది.

ఇటు ప్రభుత్వం రెండు పనులు పక్కపక్కన చేసింది. ఒకటి పైకి కనబడేది, ఒకటి కనబడనిది. మార్చి 31న పార్లమెంటు రెండు సభలూ తూర్పు బెంగాల్ ప్రజలకి సానుభూతీ మద్దతూ తెలుపుతూ తీర్మానం చేశాయి. అదే సమయంలో ముజిబ్ తర్వాత పెద్ద నాయకుడు తాజుద్దీన్ అహ్మద్ సరిహద్దు దాటి వచ్చారు. ఆయన్ని సరిహద్దు భద్రతా దళం ఢిల్లీకి చేర్చింది, ఏప్రిల్ మొదటి వారంలో ఇందిరా గాంధీతో మాట్లాడారు. ఏప్రిల్ 17న సరిహద్దుకి అవతల, మెహెర్‌పూర్ దగ్గర ఒక మామిడి తోపులో బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది. విదేశీ విలేఖరుల్ని కలకత్తా నుంచి కార్లలో తీసుకెళ్ళి చూపించారు. ఆ తోపుకి ముజిబ్‌నగర్ అని పేరు పెట్టారు గానీ, ఆఫీసు నడిచింది మాత్రం కలకత్తా థియేటర్ రోడ్డులో 8వ నంబరు ఇంట్లో. మర్నాడే కలకత్తాలోని పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషన్‌లో పనిచేసే బెంగాలీ ఉద్యోగులు తమ పెద్ద హుస్సేన్ అలీతో సహా కొత్త దేశం వైపు వచ్చేసి ఆ మేడ మీద కొత్త జెండా ఎగరేశారు. మే 25 నుంచి స్వాధీన్ బంగ్లా రేడియో కూడా మనం ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ మీద కలకత్తా నుంచే మాట్లాడింది.

కనబడని పని ముక్తి బాహిని శిక్షణ. అన్నిటిలోకీ నాకు ఆశ్చర్యంగా అనిపించింది ఈతగాళ్ళ కథ. ప్లాసీ యుద్ధం జరిగిన పలాశీ దగ్గర, భాగీరథి నదిలో, మన నేవీ వాళ్ళు కొన్ని వందల మంది కుర్రాళ్ళకి ఈత, నీళ్ళ కింద మందుపాతర అతికించడం నేర్పారు. చాలామంది కాలేజీ పిల్లలు, రైతుబిడ్డలు. ఆగస్టు 15 రాత్రి ఛాతీకి మైన్ కట్టుకుని చిట్టగాంగ్, మంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో దిగారు. బయలుదేరమనే సంకేతం రేడియోలో వేసిన పాట. తెల్లారేసరికి ఓడలు మునిగి ఉన్నాయి.

ఇంత చేసీ ఆ దేశాన్ని గుర్తించడానికి మాత్రం ఢిల్లీ డిసెంబర్ 6 దాకా ఆగింది. జయప్రకాశ్ నారాయణ్ లాంటి పెద్దలు, ప్రతిపక్షాలు ఏప్రిల్ నుంచే గుర్తించండి అని అడుగుతూ వచ్చారు. గుర్తిస్తే యుద్ధమే, అప్పుడు ప్రపంచం నేరం మన మీద వేస్తుందని ఇందిర లెక్క. అందుకే ముందు ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, తర్వాత అక్టోబర్, నవంబర్ నెలల్లో యూరప్, అమెరికా పర్యటన. నిక్సన్ దగ్గర ఏమీ దక్కలేదు. సైన్యం సిద్ధంగా లేదు, వానలు ఆగాలి, హిమాలయాల దారులు మంచుతో మూసుకోవాలి అని ఏప్రిల్‌లో తనే చెప్పి ఆపానని మానెక్షా గారు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ కథ సినిమాలోకి కూడా ఎక్కింది. ఆయన చెప్పిన తీరు మీద చరిత్రకారులకి అనుమానాలు ఉన్నాయి. ఎలా చూసినా ఆగడం ఒక నిర్ణయమే. ఆగిన ప్రతి వారం అవతల ఊళ్ళు కాలాయి, ఇవతల క్యాంపులు నిండాయి. ఆ నిర్ణయం సరైనదే అని నా అభిప్రాయం, కానీ ఖర్చు లేని నిర్ణయం కాదు.

ఖర్చు అన్నాను కాబట్టి ట్రంకు పెట్టె దగ్గరికి వస్తాను. మనవాళ్ళు తుంగభద్ర ఆయకట్టుకి వచ్చిన మొదటి ఇరవై ఏళ్ళూ పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన ఉత్తరాలు తాతయ్య దారం కట్టి దాచారు. నాకు తెలుగు చదవడం వచ్చిందే ఆలస్యంగా, అదీ కన్నడ అక్షరాల ఆసరాతో, అందుకని ఆ కట్ట విప్పి చదవడానికి నాకు రెండు దసరా సెలవులు పట్టాయి. 1972 సంక్రాంతి ముందు వాళ్ళ బావగారు రాసిన ఇన్‌ల్యాండ్ లెటరులో దాళ్వా నాట్లు, వడ్ల ధర, ఒక సంబంధం సంగతి ఉన్నాయి. యుద్ధం మాట ఒక్కటీ లేదు. కానీ పైన అడ్రసు పక్కన ఒక 5 పైసల బిళ్ళ అదనంగా అంటించి ఉంది, దాని మీద కాందిశీకుల బొమ్మ.

ఇన్‌ల్యాండ్ అప్పట్లో 15 పైసలు. దాని మీదే స్టాంపు ముద్రించి ఉండగా ఇంకో 5 పైసలు ఎందుకు? వెతికితే తేలింది. 1971 నవంబర్ 15 నుంచి కాందిశీకుల సహాయం కోసం ప్రభుత్వం తపాలా మీద 5 పైసల పన్ను వేసింది. పోస్టుకార్డులకీ పత్రికలకీ మినహాయింపు, మిగతా ఉత్తరాలన్నిటికీ తప్పనిసరి. ప్రత్యేకమైన బిళ్ళ అచ్చయి వచ్చింది డిసెంబర్ 1న. ఆ మధ్య రెండు వారాలకీ ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదే కాందిశీకుల సహాయం అని అచ్చుగుద్ది అమ్మారు. చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అని ప్రచారం చేసే బిళ్ళ మీద, కోటి మంది కొత్త బంధువుల పద్దు! ఏ గుమాస్తాకైనా నవ్వొచ్చి ఉంటుంది.

రైలు టికెట్ల మీద, దేశం లోపలి విమానం టికెట్ల మీద, వార్తాపత్రికల మీద కూడా అలాంటి పన్నులే వేశారు. పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు ఆర్డినెన్సులుగా తెచ్చారు. ఆర్డినెన్సు జారీ చేసేది రాష్ట్రపతి. అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి గారు బరంపురంలో పుట్టిన తెలుగాయన. ఒరిస్సాలో తరాలుగా ఉన్న మన తెలుగువాళ్ళు ఈ పేజీ చదువుతుంటారు కాబట్టి చెబుతున్నాను, మన తాతల ఉత్తరాల మీద ఆ 5 పైసలు వేయించిన సంతకం మీ ఊరివాడిదే.

ఐదు పైసలు ఎంత అని తీసిపారెయ్యకండి. ఇన్‌ల్యాండ్ ధరలో అది మూడో వంతు. పైగా ఇది ఢాకా ఎక్కడుందో తెలియని వాళ్ళ దగ్గర, వడ్లు అమ్మి పిల్ల పెళ్ళి చెయ్యాలనుకునే వాళ్ళ దగ్గర కూడా పుచ్చుకున్నది. కాందిశీకుల కోసం ఒక్క ఏడాదికి 70 కోట్ల డాలర్లు అవుతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది, అందులో పెద్ద భాగం మన ఖజానా నుంచే వెళ్ళింది. బావగారు ఆ పన్ను ఇష్టపడి కట్టారో తిట్టుకుంటూ కట్టారో ఉత్తరంలో లేదు. కట్టారు, అంతే తెలుసు.

ఇదంతా ధర్మం కోసమే చేశామని రాస్తే అది అబద్ధం. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి మేలు అని ఢిల్లీలో అందరికీ తెలుసు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదన్న అర్థంలో రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం మార్చి నెలాఖరులోనే మాట్లాడారు. ఇంకో సంగతి, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది హిందువులు. ఆ మాట బయట గట్టిగా అంటే ఇక్కడ గొడవలు రేగుతాయని ప్రభుత్వం దాన్ని పెద్దది చెయ్యకుండా నెట్టుకొచ్చింది. మంచో చెడో, అది కూడా మద్దతులో ఒక భాగమే. స్వార్థం ఉన్నంత మాత్రాన సాయం సాయం కాకుండా పోదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం ఎందుకు పెట్టావన్నది తర్వాతి ప్రశ్న.

పదమూడు రోజుల గురించి మీకు తెలిసిందే, ఎక్కువ రాయను. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. ఆ అర్ధరాత్రే విశాఖపట్నం రేవు బయట పెద్ద పేలుడు, ఊళ్ళో ఇళ్ళ కిటికీలు అదిరాయి. విక్రాంత్‌ని వేటాడ్డానికి వచ్చిన ఘాజీ అనే జలాంతర్గామి తొంభై మంది పైగా సిబ్బందితో మునిగింది. మన రాజ్‌పుత్ ఓడ వేసిన బాంబుల వల్ల అని మన నేవీ, లోపలి పేలుడు వల్ల అని పాకిస్తాన్. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు క్షేమంగా ఉంది. ఘాజీ ఇప్పటికీ విశాఖ దగ్గర సముద్రం అడుగున ఉంది. 16న ఢాకాలో 93 వేల మంది లొంగిపోయారు. రెండు వైపుల సరిహద్దుల్లోనూ కలిపి మన సైనికులు 3,800 మందికి పైగా పోయారు.

తర్వాత జరిగింది అంతకంటే అరుదైనది. కోటి మందిలో ఎక్కువ భాగం 1972 వసంతానికల్లా రైళ్ళలో, లారీల్లో, నడిచీ వెనక్కి వెళ్ళిపోయారు. మన సైన్యం కూడా మార్చి మధ్యకల్లా తిరిగి వచ్చేసింది. గెలిచిన సైన్యం మూడు నెలల్లో ఇంటికి రావడం చరిత్రలో తరచు చూసేది కాదు. ఉత్తరాల మీద 5 పైసలు మాత్రం 1973 మార్చి 31 దాకా ఆగలేదు. చుట్టాలు వెళ్ళిపోయినా చిట్టా మూసేసరికి ఏడాది పట్టింది.

ఇక సింధనూరు. ప్రభుత్వం ఒక తేదీ పెట్టుకుంది, 1971 మార్చి 25. దానికి ముందు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ పునరావాసం. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అతిథులు, తిరిగి వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేం ముందు చూసేది ఇలాంటి అంచు విలువలనే, తప్పులన్నీ అక్కడే దాక్కుంటాయి కాబట్టి. 24న దాటినవాడికి భూమి, 26న దాటినవాడికి డేరా. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు కావచ్చు. ఆ తేదీ ఇప్పటికీ అస్సాంలో మనుషుల్ని వేరుచేస్తూనే ఉంది.

పునరావాసం దొరికినవాళ్ళని దేశమంతా పంచారు. రాయ్‌పూర్ పక్కన మానా క్యాంపు మీదుగా దండకారణ్యానికి, ఒరిస్సాలో మల్కన్‌గిరికి. అక్కడి ఊళ్ళకి పేర్లు లేవు, ఎంవీ 1, ఎంవీ 2 అని నంబర్లే. అదిలాబాద్ వైపు కాగజ్‌నగర్ దగ్గరికి కొందరు వచ్చారు. ఇక మన రాయచూరు జిల్లాలో సింధనూరు తాలూకాకి. అక్కడ వాళ్ళ ఊళ్ళు ఆర్‌హెచ్ క్యాంపులు, వాటికీ నంబర్లే.

క్యాంపు అన్న మాట మనకి కొత్త కాదు. డ్యాము నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి భూమి అమ్ముకుని వచ్చి ఇక్కడ కొనుక్కున్న మన ఊళ్ళూ క్యాంపులే. మనం ఇష్టపడి వచ్చాం, వాళ్ళని తరిమితే వచ్చారు. కాలవ ఒకటే, సంత ఒకటే. సంతలో చేపలు వాళ్ళ దగ్గరే బాగుంటాయని అమ్మమ్మ అనేది. నా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం సగం మందిమి, బెంగాలీ మాట్లాడేవాళ్ళు ముగ్గురో నలుగురో, పలక మీద అందరిదీ కన్నడే. మన ఇళ్ళల్లో వాళ్ళని ఆర్‌హెచ్ వాళ్ళు అనేవారు, కొంచెం మూతి తిప్పి. అదే నోటితో ఊరి కన్నడ వాళ్ళు మనల్ని ఆంధ్రా క్యాంపు వాళ్ళు అంటారని మనవాళ్ళకి గుర్తుండదు. పౌరసత్వం కాగితాల కోసం వాళ్ళల్లో కొందరు దశాబ్దాలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2019 చట్టానికి నియమాలు 2024 మార్చిలో గానీ రాలేదు. నాతో చదివినవాళ్ళు ఇక్కడ పుట్టినవాళ్ళే, వాళ్ళ తాతల కాగితం మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఆ క్యాంపులు కొత్తగా కడుతున్న రోజులు చూసినవాళ్ళు మన కుటుంబంలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మొదటి ఏడాది వాళ్ళకి విత్తనాలు ఎవరిచ్చారు, నాట్లు ఎవరు నేర్పారు, మాట ఎలా తెలిసింది, ఇవన్నీ వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. మల్కన్‌గిరి, జైపూర్ వైపు ఉన్నవాళ్ళు మీ పక్క ఎంవీ ఊళ్ళ సంగతులు రాయండి. తెలుగులో రాయడం రాదని ఊరుకోవద్దు, కన్నడ లిపిలో రాసి పంపినా నేను చదువుకుని ఇక్కడ పెడతాను.